రెండవ భాగం లేని జీవితం

ఏ విషయం మీదనైనా తీర్పు చెప్పే ముందు దాని స్వరూపాన్ని సరిగా గ్రహించాలని మా గురువులు మాకు విద్యార్థి దశలోనే నేర్పారు. చూడని వస్తువును గురించి తీర్పు అడగడం తేలిక, చెప్పడం మరీ తేలిక. రెండింటి వల్లా జరిగే నష్టం మాత్రం తేలికైనది కాదు. అందువల్లనే గత రంజాన్ ముగిసిన కొద్ది రోజులకు రాజమహేంద్రవరంలో ఒక తల్లి అడిగిన ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేదు.

ఆమె కుమారుడు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. మా దగ్గర సాయంత్రపు తరగతులకు వస్తాడు. తండ్రి ఏడేళ్లుగా కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. చదువు కోసమని ఆయన పంపిన ల్యాప్‌టాప్‌లో పిల్లవాడు రాత్రి పొద్దుపోయేదాకా ఏదో జపాన్ రౌడీల ఆట ఆడుతున్నాడట. "హజ్రత్, అది హరామ్ అని ఒక్క మాట చెప్పండి. ఆ మాట మీద ల్యాప్‌టాప్ తీసి బీరువాలో పెట్టేస్తాను" అన్నది ఆమె కోరిక. కొన్నాళ్లు గడువు అడిగాము. ఇషా నమాజు తరువాత నాలుగు రాత్రులు ఆ ఇంటికి వెళ్లి, అబ్బాయి మేనమామ కూడా ఉండగా, పిల్లవాడి పక్కన కుర్చీ వేసుకుని ఆ ఆటను చూశాము. చూసిన దానిని, దాని వెనుక ఉన్న లోకాన్ని, అది మాకు గుర్తుచేసిన మరొక మనిషిని గురించి పాఠకులకు విన్నవించాలని ఈ వ్యాసం.

ఆ ఆటల పరంపర పేరు 'యకూజా'. జపాన్‌లోని సెగా సంస్థ మొదటి ఆటను 2005 డిసెంబరులో, రెండవదానిని సరిగ్గా ఏడాదికి 2006 డిసెంబరులో విడుదల చేసింది. ఆ రెండవ భాగాన్నే కొత్త హంగులతో తిరిగి నిర్మించి 2017లో జపాన్‌లోనూ, 2018లో ఇతర దేశాలలోనూ అమ్మకానికి పెట్టారు. 2019 నుండి అది కంప్యూటర్లలో కూడా ఆడుకునే విధంగా లభిస్తున్నది. మన పిల్లవాడు ఆడుతున్నది దానినే.

'యకూజా' అంటే జపాన్‌లోని నేరస్థుల ముఠాలకు ఉన్న పేరు. ఆ మాట పుట్టుక తెలుసుకోదగినది. పూర్వం అక్కడ ఆడే ఒక పేకాటలో ముక్కల విలువలను కలిపి, ఆ మొత్తంలోని చివరి అంకెనే లెక్కలోకి తీసుకుంటారు. 8, 9, 3 ముక్కలు వస్తే మొత్తం 20, చివరి అంకె సున్న. అంటే ఎందుకూ కొరగాని చేయి. జపాన్ భాషలో ఆ మూడు అంకెల పేర్లలోని తొలి శబ్దాలు 'య', 'కు', 'సా'. ఆ చేతి పేరే క్రమంగా ఆ మనుషుల పేరయింది. ఈ ముఠాలకు మూలపురుషులు జూదరులు, సంతలలో తిరిగే చిల్లర వర్తకులు అని చరిత్రకారులు చెబుతారు. జూదాన్ని ధర్మం ఎందుకు నిషేధించిందని మా విద్యార్థులు అడిగినప్పుడు, డబ్బు పోతుందని మాత్రమే మేము చెప్పము. జూదం ఉన్నచోట బాకీ పుడుతుంది, బాకీ ఉన్నచోట వసూలు చేసే పిడికిలి అవసరమవుతుంది అని కూడా చెబుతాము. ఆ క్రమాన్ని ఒక దేశం తన భాషలోనే దాచుకున్నది.

ఆటలోని కథానాయకుడి పేరు కజుమా కిర్యూ. అనాథాశ్రమంలో పెరిగి, తోజో అనే ముఠాలో చేరి, మిత్రుడు చేసిన హత్యను తన నెత్తిన వేసుకుని పదేళ్లు జైలులో గడిపినవాడు. మొదటి భాగం చివర అతనికి ఆ ముఠా అధ్యక్ష పదవి దక్కుతుంది. దక్కిన వెంటనే దానిని తెరాదా అనే మరొకరికి అప్పగించి, హరుకా అనే తల్లిదండ్రులు లేని బాలికను పెంచుకుంటూ మామూలు మనిషిగా బతకాలని బయటికి వచ్చేస్తాడు. రెండవ భాగం ఒక శ్మశానంలో మొదలవుతుంది. కిర్యూ ఆ బాలికతో కలిసి తనవారి సమాధులను దర్శించుకుంటూ ఉండగా తెరాదా వస్తాడు. ఒసాకా ప్రాంతపు ఒమి ముఠాతో యుద్ధం రాబోతున్నదనీ, దానిని ఆపడానికి సాయం కావాలనీ అడుగుతాడు. ఆ మాటలు ముగిసేలోపే తెరాదా మీద తుపాకులు పేలతాయి. అంతే, మానుకున్న మనిషి మళ్లీ బయలుదేరుతాడు. ముఠాకు కొత్త నాయకుడిగా పాత యజమాని కుమారుడైన దైగోను ఒప్పించాలి, ఒసాకా వెళ్లి సంధి అడగాలి, తానూ ఒక మహానాగమేనని విర్రవీగే ర్యూజీ గోదాను ఎదుర్కోవాలి. మిగిలినదంతా కొట్లాట.

ఆ కొట్లాటను గురించి ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. టోక్యోలోని కాబుకిచో, ఒసాకాలోని దోతోంబోరి అనే నిజమైన వీధులను పోలిన వీధులలో కిర్యూ నడుస్తూ ఉంటే, అడుగడుగునా ఎవడో ఒకడు అడ్డు తగులుతాడు. సైకిలు ఎత్తి కొట్టవచ్చు, దుకాణపు బోర్డు పెరికి కొట్టవచ్చు, గోడకు తల బాదవచ్చు. ఓడినవాడు జేబులోని డబ్బు వదిలిపెట్టి క్షమాపణ చెప్పుకుని వెళ్లిపోతాడు. ఎవరి పక్కటెముకా విరగదు. కేసు ఉండదు, ఆసుపత్రి బిల్లు ఉండదు. దెబ్బ తిన్నవాడి తల్లి ఎక్కడా కనిపించదు. ఇంత కొట్టినా కిర్యూ ఎవరి ప్రాణమూ తీయడని ఆటను ప్రేమించేవారు గర్వంగా చెప్పుకుంటారు. పిల్లవాడు కూడా మాకు అదే చెప్పాడు. ఇవి చాలక ఆ వీధులలో పేకాట గదులు, మద్యశాలలు, స్త్రీలు పురుషులను కబుర్లతో అలరించే క్లబ్బులు ఉన్నాయి. అటువంటి క్లబ్బును నడిపి లాభం గడించడం ఆటలోని ఒక ముఖ్యమైన ఉపకథ. యూరప్ దేశాలలో ఈ ఆట పెట్టెపై 18 ఏళ్లు నిండినవారికి మాత్రమే అన్న ముద్ర ఉన్నది. అమెరికాలో అది 17 ఏళ్లు దాటినవారికి. అంటే దీనిని అమ్మినవారే మన పిల్లవాడి వయస్సు వారి కోసం దీనిని అమ్మలేదు.

అయితే ఇంతటితో ఆగి తీర్పు చెబితే మేము చూసినదానిలో సగమే చెప్పినవారమవుతాము. ఆ ఆటలో మంచి కూడా ఉన్నది. దారిన పోయే అపరిచితుల కష్టాలు కిర్యూ ఆగి వింటాడు. మోసపోయినవారికి డబ్బు తిరిగి ఇప్పిస్తాడు. హరుకా అతనిని ఆప్యాయంగా మామా అని పిలుస్తుంది, అతడు ఆమె మాట జవదాటడు. తండ్రిని వీడియో కాల్‌లో మాత్రమే చూస్తూ పెరిగిన పిల్లవాడికి, ఒక పిల్ల కోసం అన్నింటినీ వదులుకుని ఇంటికి వచ్చే బలవంతుడు ఎందుకు నచ్చాడో మాకు అర్థమయింది. గోదావరి జిల్లాలలో తండ్రో తల్లో గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు ఎన్నో. అటువంటి ఇంటి నుండి వచ్చిన పిల్లవాడిని కేవలం కొట్లాట పిచ్చివాడుగా లెక్కగట్టడం అన్యాయం.

నాలుగవ రాత్రి మేము అతనిని ఒక ప్రశ్న అడిగాము. "బయటికి వచ్చేసిన మనిషి కదా, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని శ్మశానం నుండి ఇంటికి వెళ్లిపోవచ్చు కదా? ఎందుకు తిరిగి వెళ్లాడు?" పిల్లవాడు ఆశ్చర్యంగా చూసి అన్నాడు: "అతను తిరిగి వెళ్లకపోతే ఆటే లేదు కదా, హజ్రత్!"

ఆ జవాబు విన్న తరువాత మా ఆలోచన దారి మళ్లింది. పిల్లవాడు అన్నది అక్షరాలా నిజం. రెండవ భాగం ఉండాలంటే మొదటి భాగం చివర మానుకున్నవాడు మానుకున్నట్లుగా ఉండిపోకూడదు. అతని పశ్చాత్తాపం నిలిస్తే వ్యాపారం ఆగుతుంది. ఆ పరంపర తరువాతి కథ చూడండి. 2009లో వచ్చిన మూడవ ఆటలో కిర్యూ ఒకినావా ద్వీపంలో అనాథాశ్రమం నడుపుకుంటూ ఉంటాడు. అక్కడి నుండి కూడా లాక్కొచ్చారు. 2016లో వచ్చిన ఆరవ ఆట అతని చివరి కథ అని చెప్పారు. అందులో అతడు చనిపోయినట్లు లోకాన్ని నమ్మించి మాయమవుతాడు. 2023లో మళ్లీ తీసుకువచ్చారు. 2024లో వచ్చిన ఆటలో క్యాన్సర్ సోకిన దేహంతో కూడా కొట్లాడించారు. ప్రతిసారీ కారణం మంచిదే. ఎవరినో కాపాడాలి, ఏదో యుద్ధం ఆపాలి. చెడ్డ కారణం చెప్పి పిలిస్తే అతడు రాడని రాసేవారికి తెలుసు.

ఇది జపాన్ వారికే పరిమితమైన అలవాటు కాదు. మన వెండితెర కూడా ఇదే దారిలో నడుస్తున్నది. 2024 డిసెంబరులో వచ్చిన 'పుష్ప' రెండవ భాగం జపాన్ ఓడరేవులో కొట్లాటతోనే మొదలవుతుంది. 2025 సెప్టెంబరులో గోదావరి జిల్లాల థియేటర్ల ముందు రాత్రంతా యువకులు బారులు తీరిన 'ఓజీ'లో యకూజాల ప్రస్తావన ఉన్నది. ఏళ్ల తరబడి బొంబాయిని వదిలి వెళ్లిన ముఠా మనిషి తిరిగి రావడమే దాని కథ. తిరిగి వచ్చే ఘట్టంలోనే థియేటరులో కాగితాలు ఎగురుతాయి. వదిలి వెళ్లిన ఘట్టానికి ఎవరూ ఈల వేయరు.

తెర మీద మానుకున్నవాడి గతి ఇది. మరి నిజమైన జపాన్‌లో?

అక్కడ 1963 ప్రాంతంలో ముఠాల మనుషులు సుమారు 1,84,000 మంది ఉండేవారు. 2023 చివరికి ఆ సంఖ్య దాదాపు 20,400కు తగ్గింది. ముఠాలను అదుపు చేసే చట్టం 1992లో అమలులోకి వచ్చింది. 2011 నాటికి దేశంలోని అన్ని రాష్ట్రాలూ వారితో లావాదేవీలు జరిపే సంస్థలను శిక్షించే నిబంధనలు చేశాయి. ముఠా మనిషికి బ్యాంకు ఖాతా ఇవ్వరు, ఇల్లు అద్దెకు ఇవ్వరు, సెల్‌ఫోను కనెక్షను కూడా ఇవ్వరు. ముఠాల నడుము విరిచిన చర్య ఇది. ప్రజలకు మేలే జరిగింది. కాని ఇందులో ఒక ముల్లు ఉన్నది. ముఠా విడిచిన తరువాత కూడా ఐదేళ్ల వరకు ఆ మనిషిని ముఠా మనిషిగానే పరిగణిస్తారు. ఖాతా లేనివాడికి జీతం ఇచ్చేది ఎలా? ఇల్లు దొరకనివాడు పిల్లలను ఎక్కడ ఉంచుతాడు? మానుకున్నవాడికి అన్నింటికంటే కష్టమైన కాలం మొదటి ఐదేళ్లే, సరిగ్గా ఆ ఐదేళ్లే తలుపులు మూసి ఉంటాయి. ఇప్పుడు మిగిలిన ముఠా మనుషులలో సగానికి పైగా యాభై దాటినవారు. వెనుకటికి పోలేక, ముందుకు రాలేక అక్కడే ముసలివారవుతున్నారు. ఈ లోపాన్ని గుర్తించి, మానినవారికి పని ఇచ్చే యజమానులకు ఫుకుఒకా వంటి చోట్ల ప్రభుత్వమే ఆర్థిక సాయం చేస్తున్నది.

ఈ రెండు సంగతులూ మాకు దూరదేశపు ముచ్చట్లుగా అనిపించలేదు. మా పాత విద్యార్థి ఒకడు కళ్ల ముందు మెదిలాడు.

పన్నెండేళ్ల వయస్సులో అతడు మా దగ్గర నాలుగు పారాలు కంఠస్థం చేశాడు. గొంతు చక్కనిది, శరీరం దృఢమైనది. ఇంట్లో ఇబ్బందుల వల్ల చదువు మానేసి పనికి వెళ్లాడు. ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఒక 'అన్న' వెనుక తిరగసాగాడు. గోదావరి ఒడ్డున ఆ వయస్సు వాడికి ఆ దారిలో పనికి కొరత లేదు. ఇసుక ర్యాంపు దగ్గర గొడవ, రొయ్యల చెరువు లీజు తగాదా, ఫైనాన్సు వసూళ్లు, సంక్రాంతికి చట్టం కళ్లుగప్పి వేసే కోడిపందేల బరి, దాని పక్కన గుండాట, పేకాట. ప్రతిచోటా కొందరు మనుషులు కావాలి. జైలు నుండి వచ్చాక అతడు మాతో అన్న మాట మేము మరువలేదు. "హజ్రత్, నన్ను కొట్టడానికి ఎవరూ పిలవలేదు. ఊరికే వచ్చి నిలబడు అని పిలిచారు. నిలబడిన చోట కొట్టవలసి వచ్చింది."

ఒక వసూలు గొడవలో ఒకరి చేయి విరిగింది. అతడు కొన్ని నెలలు జైలులో ఉన్నాడు. పేరు మీద రౌడీషీటు తెరిచారు. ఆ అన్న ఒక్కసారి కూడా ములాఖత్‌కు వెళ్లలేదు. వెళ్లింది అతని తల్లి. బయటికి వచ్చాక ఊళ్లో ఉంటే మళ్లీ ఆ పిలుపులే వస్తాయని గ్రహించి, భార్యను, పాపను తీసుకుని కోనసీమ వెళ్లిపోయాడు. అంబాజీపేట ప్రాంతంలో కొబ్బరి కొట్లలో కాయలు వలుస్తాడు. నేలలో దిగేసిన ఇనుప మొన మీద కాయను గుచ్చి, ఒడుపుగా తిప్పి, పీచును ఊడదీసే పని అది. వలిచిన కాయల లెక్కన కూలి. సాయంత్రానికి చేతులు పగిలిపోతాయి. ఎన్నికలు వచ్చినా పండుగలు వచ్చినా స్టేషనుకు రమ్మని కబురు వస్తుంది, వెళ్లి సంతకం పెట్టి వస్తాడు. మొదట్లో అద్దె ఇల్లు దొరకడానికి నాలుగు ఊళ్లు తిరిగాడు. పదేళ్లుగా మాత్రం ఎవరి మీదా చేయి ఎత్తలేదు.

గత ఏడాది మా పేటలోని ఒక మస్జిదుకు సంబంధించిన కొట్టు విషయంలో చిక్కు వచ్చింది. అద్దెకున్నవారు ఏళ్ల తరబడి అద్దె చెల్లించరు, ఖాళీ చేయరు. ఆ అద్దెతోనే ఇమామ్ గారి జీతం నడవాలి. కమిటీ కూర్చుని చర్చిస్తూ ఉండగా ఒక పెద్దమనిషి అన్నారు: "కోనసీమలో ఉన్న మనవాడిని ఒక్కరోజు పిలిపిద్దాం. ఏమీ చేయనక్కరలేదు. కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు. అల్లాహ్ ఇంటి పనే కదా, అతనికీ సవాబే." ఒకరిద్దరు తలలు ఊపారు. కువైట్ వాడి ఇంట్లో ఆ జపాన్ ఆటను చూడడానికి ఇంకా చాలా నెలల ముందు మాట ఇది. తరువాత తెర మీద ఆ శ్మశానం ఘట్టం చూసినప్పుడు, తెరాదా మాటలు మేము ఇదివరకే ఎక్కడో విన్నామని అనిపించింది.

మేము ఒప్పుకోలేదు. ఆ రోజు మేము కమిటీకి విన్నవించినది ఒక ప్రసిద్ధ హదీసు సారాంశం. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది, పాఠకులలో చాలామందికి తెలిసినదే. తొంభై తొమ్మిది మందిని చంపిన ఒకడు పశ్చాత్తాపపడి, తనకు దారి ఉందా అని ఒక సన్యాసిని అడిగాడు. లేదన్నాడు సన్యాసి. అతనినీ చంపి నూరు పూర్తిచేశాడు. ఆ తరువాత ఒక జ్ఞాని దగ్గరకు వెళ్లి అదే ప్రశ్న అడిగాడు. నీకూ పశ్చాత్తాపానికీ మధ్య అడ్డు నిలిచేది ఎవరు అన్నాడు జ్ఞాని. మనం సాధారణంగా ఈ ఘట్టం దగ్గర అల్లాహ్ కారుణ్యాన్ని స్మరించుకుని ఆగిపోతాము. కాని జ్ఞాని అంతటితో ఆగలేదు. ఫలానా ఊరికి వెళ్లు, అక్కడ మంచివారున్నారు, నీ ఊరికి తిరిగి రావద్దు, అది నీకు మంచి చోటు కాదు అని కూడా చెప్పాడు. క్షమాపణ ఉన్నదని చెప్పి ఊరుకోలేదు, నిలిచే చోటు కూడా చూపించాడు.

మానుకున్నవాడికి అన్యాయం రెండు విధాలుగా జరుగుతుందని ఆ గాథ చదివిన ప్రతిసారీ మాకు తోస్తుంది. ఒకటి, నీకు దారి లేదని తలుపు మూయడం. జపాన్‌లోని ఐదేళ్ల నిబంధన అటువంటిది. అద్దెకు ఇల్లు ఇవ్వని మన ఊళ్లు అటువంటివి. రెండవది, ఒక్కసారి వచ్చి నిలబడు అని వెనక్కి పిలవడం. మొదటిది చేసేవాడు కఠినుడని అందరికీ తెలుస్తుంది. రెండవది చేసేవాడు మర్యాదస్థుడిలా కనిపిస్తాడు. మంచి కారణం చెబుతాడు, టీ ఇప్పిస్తాడు, దారిఖర్చులు కూడా ఇస్తాడు. రెండింటిలో ఎక్కువ మందిని వెనక్కి లాగినది ఈ రెండవదే అని మా నమ్మకం.

అబీవర్ద్, సర్ఖస్ పట్టణాల మధ్య దారి దోపిడీలు చేసిన ఫుజైల్ బిన్ ఇయాజ్ (రహ్మ) జీవితం మనకు తెలిసినదే. ఒక రాత్రి మనసు మారి, మక్కాకు చేరి, హిజ్రీ 187లో అక్కడే పరమపదించే నాటికి ఆయన గొప్ప ఆరాధకుడిగా లోకానికి పరిచయం. ఆయన కత్తి తిప్పగలవాడని ఎరిగినవారు అప్పటికీ బతికే ఉండి ఉంటారు. యాత్రికుల బాటలు కాపాడడం కంటే పుణ్యకార్యం ఏమున్నది? అయినా ఆ బాటలకు కాపలాగా ఆయన కత్తి పట్టి తిరిగి వెళ్లినట్లు మేము ఏ చరిత్రలోనూ చదవలేదు.

కమిటీలో వాదన చాలాసేపు సాగింది. "కోర్టులు, బోర్డులు అంటే ఏళ్లు పడుతుంది, హజ్రత్" అన్నారు. వారి మాట తప్పు కాదు. చివరికి వక్ఫ్ బోర్డుకు ఫిర్యాదు రాసి, కాగితాలు జతచేసి పంపాము. పద్నాలుగు నెలలు గడిచాయి. విషయం ఇంకా తేలలేదు. కొట్టు అద్దె రావడం లేదు. ఇమామ్ గారి జీతం జుమా చందాల మీద నడుస్తున్నది, ఒక్కో నెల ఆలస్యమవుతున్నది. ఈ భారాన్ని మేము దాచిపెట్టడం లేదు. అయితే ఈ భారాన్ని నలభై ఇళ్లవారం పంచుకుని మోస్తున్నాము. అతనిని పిలిపించి ఉంటే ఆ భారం ఒక్కడి మీద, అతని భార్య మీద, ఇప్పుడు ఆరవ తరగతి చదువుతున్న అతని పాప మీద పడి ఉండేది. రౌడీషీటు ఉన్నవాడు కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే పోలీసులు దానిని ఏమని రాసుకుంటారో ఆ పెద్దమనిషికి కూడా తెలుసు.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వస్తాము. మేము ఆమెతో చెప్పినది ఇది. ఈ ఆట ఈ వయస్సు పిల్లలకు తగినది కాదు. జూదాన్ని, మద్యాన్ని, స్త్రీలతో కాలక్షేపాన్ని సరదాగా చూపుతున్నది. కొట్టడం వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదన్న అబద్ధాన్ని గంటల తరబడి చేతికి అలవాటు చేస్తున్నది. కాబట్టి మానిపించండి. కాని హరామ్ అన్న ఒక్క మాటను తాళంచెవిలా వాడి బీరువా మూయకండి. మూసిన బీరువా ముందు పిల్లవాడు వాదించడు, మరొకరి ఇంట్లో ఆడుకుంటాడు. ముందుగా అతని చేత కథ చెప్పించుకోండి. ఎవరు నచ్చారు, ఎందుకు నచ్చారు అని అడగండి. కువైట్‌లో ఉన్న తండ్రి కూడా శుక్రవారం సెలవు రోజున మార్కులు అడగడం కాస్త పక్కన పెట్టి ఆ కథ వినాలి. ఆ తరువాత మానమని చెప్పండి, ఎందుకు మానాలో కారణం చెప్పండి. పెట్టెలపై ఉండే వయస్సు ముద్రను ఏ ఆట విషయంలోనైనా కొనే ముందే చూడడం తల్లిదండ్రులు అలవాటు చేసుకోవాలి.

పిల్లవాడికి మేము ఒక పని ఇచ్చాము. తెరాదా పిలుపు విన్న తరువాత కిర్యూ వెళ్లకపోతే కథ ఎలా సాగుతుందో ఒక పేజీ రాసుకుని రమ్మన్నాము. వారం తరువాత తెచ్చాడు. కిర్యూ పోలీసులకు సమాచారం ఇచ్చి, హరుకాను ఇంటికి తీసుకువెళతాడు. మరునాడు ఆమెను బడిలో దించుతాడు. ఒక హోటలులో వంటపనికి కుదురుతాడు. పాతవారు ఇద్దరు వచ్చి పిలుస్తారు, సెలవు లేదంటాడు. పేజీ చివర పిల్లవాడు తనకు తానుగా ఇంకో వాక్యం రాశాడు: ఇటువంటి ఆటను ఎవరూ కొనరు.

నిజమే, ఎవరూ కొనరు. ఎవరూ కొనని ఆ జీవితాన్నే మేము మా విద్యార్థులందరి కోసం కోరుకుంటున్నాము. దానిలో కాగితాలు ఎగిరే ఘట్టం లేదు. పొద్దున్నే లేవడం, పని, కూలి, బాకీ లేని నిద్ర, పిల్లల ఫీజు, నమాజు, అంతే. దానిని నిలబెట్టడానికి మాత్రం చుట్టూ ఉన్నవారి సాయం చాలా కావాలి.

ప్రియ పాఠకులారా, మీ వీధిలో అటువంటి మనిషి ఒకడైనా ఉండి ఉంటాడు. అతనికి ఉపన్యాసం అక్కరలేదు, అది అతడు జైలులోనే విన్నాడు. వీలైతే పని ఇవ్వండి. ఇల్లు ఖాళీగా ఉంటే అద్దెకు ఇవ్వండి. అతని పిల్లలను మీ పిల్లలతో ఆడుకోనివ్వండి. అతని పాత పేరుతో పిలవకండి, ఆ పాత కథలు మీ యువకుల ముందు గొప్పగా చెప్పకండి. మీ స్థలం తగాదా ఎంత న్యాయమైనదైనా, మీ కారణం ఎంత పవిత్రమైనదైనా, అతనిని వచ్చి నిలబడమని మాత్రం అడగకండి.

మొన్న బక్రీదు నమాజుకు అతడు ఊరు వచ్చాడు. చివరి వరుసలో పాపను పక్కన కూర్చోబెట్టుకుని కూర్చున్నాడు. నమాజు తరువాత కమిటీ పెద్దమనిషి ఎదురై ఆలింగనం చేసుకున్నారు, ఎన్నాళ్లు ఉంటావని అడిగారు. మరునాడు కొట్లో కాయల లోడు ఉన్నదని చెప్పి, తల్లి దగ్గర భోజనం చేసి, మధ్యాహ్నం బస్సుకే రావులపాలెం మీదుగా వెళ్లిపోయాడు.